ఆదిపూర్‌లో చార్లీ పుట్టినరోజు

చార్లీ చాప్లిన్ ఎవరంటే లోకంలో ఎవరైనా గుండ్రటి టోపీ, చేతికర్ర, రెండు వేళ్ల వెడల్పు మీసం ఉన్న మనిషిని చెప్తారు. మా వర్లీ చాల్‌లో నా చిన్నప్పుడు ఆ మాట అడిగితే రెండో మాలె మీద మూడో ఖోలీ చూపించేవాళ్లు. అది మా ఇల్లు. చార్లీ అంటే మా నాయిన.

నాయిన మిల్లులో సాంచాల ఖాతాలో పని చేసేవాడు. కరీంనగర్ జిల్లా నుంచి పద్దెనిమిదేళ్ల వయసులో వచ్చి, మొదట బదిలీగా చేరి, తర్వాత పర్మనెంట్ అయ్యాడు. గణపతి పండుగకు గల్లీలో తెల్ల గుడ్డ కట్టి సినిమా వేసేవాళ్లు. ఒక ఏడు చార్లీ సినిమా వేసిన్రు. మరాఠీ వాళ్లు, తెలుగు వాళ్లు, కొంకణం వాళ్లు, ఉత్తరాది భయ్యాలు అందరూ ఒకే చోట, ఒకే నిమిషంలో నవ్విన సినిమా నాకు తెలిసి అదొక్కటే. మాటలు లేవు కదా, అర్థం కాకపోవడానికి ఏమీ లేదు. తెల్లారి మిల్లు భోంగా మోగేసరికి నాయినకు ఆ నడక వచ్చేసింది. అప్పటి నుంచి ఆయన అసలు పేరు రేషన్ కార్డు మీద మాత్రమే మిగిలింది.

ఈ సంగతి ఎందుకు మొదలుపెట్టానంటే, పోయిన ఏప్రిల్‌లో నేను, మా బిడ్డ కలిసి గుజరాత్‌లోని కచ్ జిల్లాకు పోయి వచ్చినం. అక్కడ గాంధీధామ్ పక్కన ఆదిపూర్ అని ఒక ఊరు ఉంది. ఆ ఊరి వాళ్లు ఏటా ఏప్రిల్ 16న చార్లీ చాప్లిన్ పుట్టినరోజు చేస్తారు. దేవుడి ఊరేగింపులాగా ఊరేగింపు తీస్తారు. ఆ సంగతి మా బిడ్డ ఎక్కడో చదివి, "డాడీ, తాత ఉంటే తప్పకుండా పోయేవాడు" అన్నది. నాయిన పోయి ఎనిమిదేళ్లయింది. ఆయన చేతికర్ర మాత్రం మా ఇంట్లో తలుపు వెనక ఉంది. దాన్ని పాత చీర ముక్కలో చుట్టుకొని బయలుదేరిన.

సాయంత్రం బాంద్రా టెర్మినస్‌లో భుజ్ పోయే రైలు ఎక్కితే తెల్లారి గాంధీధామ్‌లో దిగొచ్చు. మా డబ్బాలో సగం మంది కచ్చీ వ్యాపారులు, మిగతా సగం సెలవులకు ఊరికి పోయే కుటుంబాలు. ఎదురు సీటు అమ్మ కర్రను చూసి "కాలు నొప్పా భాయీ?" అని అడిగింది. కాదు, చార్లీది అంటే బాగుండదని అవునన్నాను. మా బిడ్డ కిటికీ వైపు తిరిగి నవ్వు ఆపుకుంది.

తెల్లవారుజామున మెలకువ వచ్చేసరికి ఊరి కళ మారిపోయింది. చెట్టన్నది లేదు, ఉన్నదంతా సర్కారు తుమ్మ. మసక వెలుతురులో ఉప్పు మడులు, వాటి పక్కన కొండల్లాగా ఉప్పు కుప్పలు. మన దూది ఖాతాలో బేళ్లు విప్పి పోసినట్టు తెల్లగా ఉన్నాయి. గాంధీధామ్‌లో దిగి ఆటో ఎక్కితే ఆదిపూర్ ఎనిమిది కిలోమీటర్ల లోపే.

ఆదిపూర్ పాత ఊరు కాదు. 1947లో దేశం రెండుగా చీలినప్పుడు సింధు ప్రాంతం పాకిస్తాన్‌కు పోయింది. అక్కడి హిందువులు ఇల్లూ వాకిలీ వదిలి ఇటు వచ్చిన్రు. వాళ్ల కోసం భాయి ప్రతాప్ అనే సింధీ పెద్దమనిషి ముందు పడి ఒక సంస్థ పెట్టించాడు. కచ్ మహారావు 15,000 ఎకరాలు ఇచ్చాడు. ముళ్లు, తేళ్లు తప్ప ఏమీ లేని ఆ భూమిలో గాంధీధామ్, ఆదిపూర్ లేచాయి. కరాచీ రేవు అటు పోయింది కాబట్టి ఇటు కాండ్లా రేవు కట్టిన్రు. గాంధీగారి అస్థికల్లో కొంత భాగం తెచ్చి ఆదిపూర్‌లో సమాధి కట్టిన్రు. మేము మొదట అక్కడికే పోయి దండం పెట్టుకున్నం. 2001 జనవరి 26న వచ్చిన భూకంపం ఈ ప్రాంతాన్ని మళ్లీ ఒకసారి కూలగొట్టింది. అంటే రెండుసార్లు మొదటి నుంచి మొదలుపెట్టిన ఊరన్నమాట.

పొద్దున దాల్ పక్వాన్ తిన్నం. కరకరలాడే పెద్ద పూరీ లాంటిదాని మీద శనగపప్పు, చింతపండు పచ్చడి, ఉల్లిగడ్డ వేసి ఇస్తారు. అది సింధీల పలహారం. ఆ బండి ఆయన్నే అడిగినం, "చార్లీ పండుగ ఎక్కడ?" అని. ఆయన చేతిలో గరిటె పైకెత్తి, రెండు పాదాలు పక్కలకు తిప్పి నాలుగు అడుగులు నడిచి చూపించాడు. "ఈ రోజు ఊరంతా ఇదే" అన్నాడు.

అక్కడ చార్లీ సర్కిల్ అని ఒక అభిమానుల సంఘం ఉంది. 1973లో మొదలైంది. మొదలుపెట్టినాయన కథ అక్కడ అందరూ చెప్తారు. 1966లో ఆయన టైపిస్టు. పనికి పోతుంటే దారిలో సినిమా హాలు ముందు 'ది గోల్డ్ రష్' పోస్టర్ కనబడింది. లోపలికి పోయిన మనిషి ఆట మీద ఆట చూస్తూ కూర్చుండిపోయాడు. ఆ పనితో ఉద్యోగం పోయింది. ఆ తర్వాత ఆయుర్వేద వైద్యం చేస్తూ బతికాడు. ఆయన దగ్గరికి దిగులుతో వచ్చిన రోగులకు మందు పొట్లంతో పాటు చార్లీ సినిమా సీడీ కూడా ఇచ్చేవాడట. మన మిల్లులో డ్యూటీ వదిలి సినిమాకు పోయి ముకాదం చేత తిట్లు తిన్నవాళ్లు ఎంతమంది లేరు! కానీ దాన్నొక ఊరి పండుగ చేసింది మాత్రం ఆయనే.

ఊరేగింపు ఎండ తగ్గాకగానీ కాదు. అంతదాకా ఒక షెడ్డు కింద చాపలు, కుర్చీలు వేసి జనం కూర్చున్నరు. చాయ్ తిరుగుతోంది. మీసాలు దిద్దుకునే పిల్లలు ఒక పక్క, పెద్దవాళ్లు ఒక పక్క. కొత్తగా వచ్చినవాళ్లు చార్లీ గురించి ఏదో ఒక సంగతి చెప్పాలని అక్కడున్నవాళ్లు మమ్మల్ని పట్టుకున్నరు. అందరికీ తెలిసింది చెప్తే ఒప్పుకోరు. "అది పాతది, అది పాతది" అని పిల్లలే కేకలు వేస్తారు.

మాకంటే ముందు ఉన్నవాళ్లు చెప్పినవి వింటూ కూర్చున్నం. నాకు గుర్తున్నంత వరకు మీకు కూడా చెప్తాను.

ఒక కాలేజీ పిల్లవాడు చార్లీ బట్టల సంగతి చెప్పాడు. 1914లో కీస్టోన్ కంపెనీలో ఏదైనా నవ్వొచ్చే వేషం వేసుకు రమ్మన్నారట. దొరికిన బట్టలే తొడిగాడు. ప్యాంటు ఆర్బకుల్ అనే భారీ మనిషిది, అందుకే అంత వదులు. కోటు బిగుతు, టోపీ చిన్నది, బూట్లు పెద్దవి. ఏదీ దేనికీ పొసగకూడదన్నదే లెక్క. వయసు తెలియకుండా ఉండడానికి మీసం పెట్టాడు. అప్పటికి ఆయనకు ఇరవై నాలుగేళ్లే.

జీతం సంగతి ఇంకొకాయన చెప్పాడు. ఆయన కాండ్లా రేవులో పని చేసి రిటైరైన మనిషి. కీస్టోన్‌లో వారానికి 150 డాలర్లు. మరుసటి ఏడు ఎస్సనే కంపెనీలో వారానికి 1,250. ఆ మరుసటి ఏడు, అంటే 1916లో, మ్యూచువల్ కంపెనీలో వారానికి 10,000 డాలర్లు, పైన లక్షా యాభై వేలు బోనస్. "మాకు ముప్పై ఏళ్లలో రాని ఇంక్రిమెంటు ఆయనకు రెండేళ్లలో వచ్చింది" అని నవ్వాడు. నాకు మా బోనస్ గొడవలు, గేటు మీటింగులు గుర్తొచ్చాయి. ఆ పెద్దమనిషే మళ్లీ అన్నాడు: "ఏడేళ్ల వయసులో లండన్‌లో అనాథలు, బీదలు ఉండే వర్క్‌హౌస్‌లో పెట్టిన్రు ఆయన్ని. తిండికి బదులు పని చేయించుకునే చోటు అది. అక్కడి నుంచి లెక్కపెట్టుకోవాలి మనం ఆ జీతాన్ని."

'ది గోల్డ్ రష్'లో ఆకలికి బూటు ఉడకబెట్టుకొని తినే సీను ఉంది కదా. 1925 నాటి సినిమా. ఆ బూటు లికరిస్‌తో చేసిందట. లికరిస్ అంటే మన అతిమధురం నుంచి చేసే మిఠాయి. ఈ సంగతి చెప్పింది ఎనిమిదేళ్ల చిన్నది. మీసం సగమే దిద్దుకొని లేచి వచ్చి చెప్పి మళ్లీ పోయి కూర్చుంది.

'సిటీ లైట్స్' 1931లో వచ్చింది. అప్పటికి అందరూ మాటల సినిమాలకు మారిపోయినా చార్లీ మాట్లాడనన్నాడు. అందులో కళ్లు లేని పూలమ్మాయి చార్లీని ధనవంతుడనుకోవాలి. మాట లేకుండా అది ఎట్లా చూపించాలో ఆయనకు తోచలేదు. ఆ ఒక్క సీను 342 సార్లు తీసినట్టు గిన్నిస్ బుక్‌లో ఉంది. చివరకు కారు తలుపు మూసిన చప్పుడుతో దారి దొరికింది. ఒక కుట్టుపని చేసే అమ్మ ఇది చెప్పి, "నేను ఒక జాకెట్టు నాలుగుసార్లు విప్పితే నా మొగుడు పిచ్చిదంటాడు" అన్నది.

హిట్లర్ చార్లీ కంటే నాలుగు రోజులే చిన్న అన్నది అక్కడ పాత సంగతి. చెప్పబోయినవాణ్ణి కూర్చోబెట్టిన్రు. చచ్చిపోయాక శవపెట్టెను దొంగలెత్తుకుపోయిన సంగతి మాత్రం ఒప్పుకున్నరు. 1977 క్రిస్మస్ రోజు స్విట్జర్లాండ్‌లో పోయాడు. మరుసటి మార్చిలో సమాధి తవ్వి పెట్టె ఎత్తుకుపోయి ఇంటివాళ్లను డబ్బు అడిగిన్రు. పోలీసులు మే నెలలో పట్టుకొని పెట్టె తెచ్చి, ఈసారి పైన కాంక్రీటు పోసి పూడ్చిన్రు. "ఆయన సినిమాలోనే రావలసిన సీను" అని ఎవరో అన్నరు.

మా బిడ్డ వంతు వచ్చింది. 1987లో వచ్చిన 'మిస్టర్ ఇండియా'లో శ్రీదేవి చార్లీ వేషం వేసిందనీ, అంతకు ముందు ఏడు కమల్‌హాసన్ తమిళంలో 'పున్నగై మన్నన్'లో చాప్లిన్ చెల్లప్పగా వేశాడనీ చెప్పింది. శ్రీదేవిది పాతదని తీసేసిన్రు, చెల్లప్పను ఒప్పుకున్నరు.

నేను రైల్లోనే ఒకటి తయారు చేసుకొని పెట్టుకున్న. అది గాంధీగారి సంగతి. 1931 సెప్టెంబర్ 22న లండన్ తూర్పున కూలీలుండే పేటలో, ఒక భారతీయ డాక్టరు ఇంట్లో చార్లీ గాంధీగారిని కలిశాడు. గాంధీగారికి అంతకుముందు చార్లీ పేరే తెలియదు. మీ స్వతంత్రం సంగతి అర్థమవుతుంది కానీ యంత్రాలంటే మీకు ఎందుకంత పడదు అని చార్లీ అడిగాడు. యంత్రం మీద కోపం కాదు, ఆ యంత్రాల వల్లే మేము ఇంగ్లండ్ మీద ఆధారపడ్డం, మా బట్ట మేమే నేసుకోవాలన్నది అందుకే అన్నట్టు గాంధీగారు చెప్పాడు. ఆ తర్వాత నాలుగు రోజులకే గాంధీగారు లాంకషైర్‌లోని డార్వెన్‌లో మిల్లు కార్మికుల మధ్య ఉన్నాడు. మన దేశంలో విదేశీ బట్ట బహిష్కరించినందుకు పని పోయినవాళ్లు వాళ్లు. వాళ్లే చుట్టూ చేరి చేతులెత్తి జేజేలు కొట్టిన ఫోటో మీలో చాలామంది చూసే ఉంటారు. ఇక చార్లీ 1936లో 'మోడర్న్ టైమ్స్' తీశాడు. బెల్టు మీద వచ్చే నట్లు బిగించీ బిగించీ పిచ్చెక్కి యంత్రం పళ్ల చక్రాల మధ్యకు పోయే కార్మికుడి కథ.

మన మగ్గం, మన మిల్లు రెండూ ఆ ఒక్క సంగతిలో ఉన్నాయని నాకు నచ్చింది. చెప్పాను. పెద్దవాళ్లు తల ఊపిన్రు. పిల్లలు మాత్రం, "గాంధీ సంగతి పాతది! ఇక్కడ గాంధీ సమాధే ఉంది, మాకు తెలియదా?" అన్నరు. అందరూ నవ్విన్రు. ఇంకొకటి చెప్పాలన్నరు.

నా దగ్గర ఇంకొకటి లేదు. ఒళ్లో కర్ర ఉంది. చీర ముక్క విప్పి దాన్ని చూపించిన. వెదురును నిప్పు సెగ మీద వంచి నాయినే చేసుకున్న కర్ర అది. పట్టుకునే చోట తోలు చుట్టి ఉంది. సాంచాలో నాడెను కొట్టే దెబ్బ మోసే తోలు పట్టీ అది, అరిగి తీసేసిన ముక్క. "ఇది మా నాయిన కర్ర. ఆయన కూడా చార్లీ" అన్న. అక్కడ ఆగిపోవలసింది. ఆగలేదు.

1982 జనవరి 18న మా ముంబయి మిల్లుల సమ్మె మొదలైంది. రెండున్నర లక్షల మంది. మన పత్రిక చదివేవాళ్లకు దాని గురించి నేను చెప్పేదేముంది. అది ముగిసిందని ఎవరూ చెప్పలేదు, ఇవ్వాళటికీ చెప్పలేదు. నాయినను మళ్లీ తీసుకోలేదు. మొదట ఊరికి పోయి ఆరు నెలలుండి వచ్చినం. తర్వాత కొత్తిమీర, పచ్చిమిరపకాయలు అమ్మాడు. తర్వాత 1985లో ఒక పిల్లల బట్టల దుకాణం ముందు చార్లీ వేషం వేసుకొని నిలబడే పని దొరికింది. పొద్దున పది నుంచి రాత్రి ఎనిమిది దాకా. రోజుకు పదిహేను రూపాయలు. అమ్మ కాటుక భరిణెలోంచి వేలితో తీసి మూతి మీద దిద్దుకొని, కర్ర పట్టుకొని పోయేవాడు.

నాకప్పుడు పద్నాలుగేళ్లు. దుకాణం మా బడికి దూరం, అటు నేను పోయే పని లేదు. ఒకరోజు నలుగురు దోస్తులతో కలిసి పోవలసి వచ్చింది. దూరం నుంచే కనబడ్డాడు. పక్కకు తిరుగుదామంటే సందు లేదు. మావాళ్లు "అరే చార్లీ, చార్లీ" అని ముందుకు ఉరికిన్రు. ఒకడు కర్ర లాగాడు. నాయిన పడబోయినట్టు చేసి, లేచి, టోపీ తీసి వాళ్లకు వంగి దండం పెట్టాడు. తర్వాత నన్ను చూశాడు. ఒక్క నిమిషం కూడా కాదు. నాకూ టోపీ తీసి అట్లాగే వంగాడు. దుకాణానికి వచ్చే ఏ పిల్లగాడికైనా పెట్టినట్టే పెట్టాడు. నేను ఎవరో ఆయనకు తెలియనట్టు.

నేను ముందుకు నడిచిపోయిన. వెనక్కి తిరగలేదు.

ఆ రాత్రి ఇంట్లో ఆ మాట ఆయన ఎత్తలేదు. నేను ఎత్తలేదు. ఆ తర్వాత ముప్పై ఏళ్లకు పైగా ఒకే ఇంట్లో ఉన్నం. నా పెళ్లి చేశాడు, మనవరాలిని ఎత్తుకొని ఆడించాడు, ఆమె ముందు ఆ నడక నడిచాడు. నేను ఒక్కసారి కూడా "నాయినా, ఆ రోజు నేను నిన్ను గుర్తుపట్టిన" అనలేదు. ఆయన నన్ను కాపాడడానికే తెలియనట్టు చేశాడని నాకు తెలిసిందంటే, నాకు సిగ్గైందని ఆయనకు తెలిసిపోతుంది కదా. అదీ భయం.

ఈ సంగతి మా ఆడమనిషికి కూడా నేను చెప్పలేదు. ముందుపరిచయం లేని సింధీల మధ్య, చాయ్ కప్పు పట్టుకొని, వచ్చీరాని హిందీలో చెప్పేసిన. మా బిడ్డ నా వైపు చూస్తోంది. పిల్లలు కూడా కేకలు వేయలేదు.

ఆ రేవు పెద్దమనిషి, ఆయన్ని అందరూ కాకా అంటున్నరు, కాసేపు ఊరుకొని, "భాయీ, నీకు ఇంకొక సంగతి చెప్తాను. ఇది పాతదైనా వినాలి" అన్నాడు.

చార్లీ తల్లి హన్నా నాటకశాలల్లో పాడేది. 1894లో ఆల్డర్‌షాట్ అనే ఊళ్లో పాడుతుండగా ఆమె గొంతు పోయింది. సిపాయిలు నిండిన హాలు. అందరూ గేలి చేసిన్రు. ఆమె లోపలికి వచ్చేస్తే మేనేజరు అయిదేళ్ల చార్లీని స్టేజీ మీదికి పంపాడు. వాడు పాడుతుంటే జనం చిల్లర విసిరిన్రు. పాట ఆపి, ముందు డబ్బులు ఏరుకొని తర్వాత పాడతానన్నాడు. జనం విరగబడి నవ్విన్రు. ఆ ఊపులో వాడు తల్లిని అనుకరించాడు. గొంతు చీలిపోవడంతో సహా. ఇంకా నవ్విన్రు, ఇంకా డబ్బులు వేసిన్రు. తల్లి ఆ తెర పక్క నుంచే వింటోంది. చార్లీ మొదటి ఆట అది, తల్లికి దాదాపు చివరిది. ఇది చార్లీ తన జీవితకథలో తనే రాసుకున్నాడు.

"తర్వాత ఆమెకు మతి చెడింది. ఆస్పత్రుల పాలైంది. 1921లో ఆమెను అమెరికా పిలిపించుకొని, సముద్రం దగ్గర ఇల్లు తీసి, చూసుకునే మనుషుల్ని పెట్టాడు. 1928లో పోయేదాకా అక్కడే ఉంది" అన్నాడు కాకా. కాస్త ఆగి, "పిల్లలు చేస్తారు. తల్లిదండ్రులకు తెలుసు. మా నాయన కరాచీలో స్కూలు మాస్టరు. ఇక్కడికొచ్చి బస్టాండులో పాపడ్ అమ్మాడు. నేనూ అటు నుంచి రోడ్డు దాటేవాణ్ణి" అన్నాడు.

ఇంకేమీ అనలేదు. ఇంకొక చాయ్ తెప్పించాడు.

చార్లీ ఈ ఊరికి ఎందుకు అంత సొంతమయ్యాడో అని నేను వచ్చేటప్పుడు అనుకున్న. అడగవలసిన అవసరం లేకపోయింది. ఆయన్ని కూడా 1952లో లండన్ పోతుంటే సముద్రం మీద ఉండగానే అమెరికా తిరిగి రానివ్వనన్నది. ఇరవై ఏళ్లు అటు పోలేదు. 1972లో ఆస్కార్ ఇస్తామని పిలిస్తే పోయాడు. జనం లేచి నిలబడి పన్నెండు నిమిషాలు చప్పట్లు కొట్టిన్రు. ఆ సంగతి చెప్పేటప్పుడు అక్కడున్న ముసలివాళ్ల గొంతు మారుతుంది. ఇల్లు వదిలినవాళ్లకు తెలిసిన లెక్క అది.

అయిదు దాటాక ఊరేగింపు కదిలింది. చేతికి అందినంత దూరం చార్లీలే. పొట్టి చార్లీ, పొడుగు చార్లీ, పొట్ట ఉన్న చార్లీ, ఇద్దరు ముగ్గురు అమ్మమ్మ చార్లీలు. ఒంటె బండి మీద చార్లీ బొమ్మ, దానికి పూలదండ. డోలు వాయిస్తుంటే సగం మంది గర్బా ఆడుతున్నరు, సగం మంది చార్లీ నడక నడుస్తున్నరు. కొందరు రెండూ కలిపి చేస్తున్నరు.

నాకు ఒక కోటు, టోపీ తెచ్చి ఇచ్చిన్రు. వద్దన్న. యాభై అయిదేళ్ల మనిషిని, చూసేవాళ్లు ఏమనుకుంటారన్న. అన్నాక నాకే వినబడింది నేనన్న మాట. మా బిడ్డ ఏమీ అనకుండా తన సంచిలోంచి కాటుక తీసింది. రోడ్డు పక్కన బడ్డీ కొట్టు బల్ల మీద కూర్చోబెట్టి నా మూతి మీద దిద్దింది. "కదలకు డాడీ" అన్నది. అమ్మ నాయినతో అట్లాగే అనేది.

కర్ర పట్టుకొని నడిచిన. నాయిన నడక నాకు రాదు, కాని పాదాలు పక్కలకు తిప్పితే కొంత దానంతట అదే వస్తుంది. సందు మొగలో ఒక పిల్లగాడు తల్లి చెయ్యి పట్టుకొని నిలబడి నన్నే చూస్తున్నాడు. టోపీ తీసి వంగి దండం పెట్టిన. వాడు తల్లి వెనక్కి దాక్కొని, మళ్లీ తొంగి చూసి, చెయ్యెత్తాడు.

రాత్రి కేకు కోసి, అందరికీ పంచి, సినిమా వేసిన్రు. మేము రైలుకు పోవాలని మధ్యలో లేచినం. కాకా స్టేషన్ దాకా వచ్చాడు. కర్రను ఒకసారి చేతిలోకి తీసుకొని, ఆ తోలు పట్టీ వేలితో తడిమి, తిరిగి ఇచ్చేశాడు. అక్కడే ఉంచిపోదామని మొదట అనుకున్న. ఉంచలేదు. మళ్లీ మా తలుపు వెనకే ఉంది. రైల్లో మా బిడ్డ, "ఆ దుకాణం ఇప్పుడు ఉందా డాడీ?" అని అడిగింది. లేదు, అక్కడ మొబైళ్ల దుకాణం వచ్చిందన్న. వచ్చే ఆదివారం చూపించాలన్నది. తీసుకుపోయి చూపించిన. ఆ మెట్టు మాత్రం పాతదే.

మనలో ఎవరైనా పోవాలనుకుంటే ఖర్చు పెద్దగా కాదు. స్లీపర్ టికెట్టు ముందుగా తీసుకోవాలి, ఏప్రిల్‌లో రద్దీ ఉంటుంది. ఎండకు తువ్వాల, నీళ్ల సీసా మరవొద్దు. చార్లీ గురించి ఒకటి కాదు, రెండు సంగతులు తయారుగా పెట్టుకొని పోండి.

ఇంకొక మాట. సమ్మె తర్వాత మన చాళ్లలో ఎవరు ఏ పని చేసి ఇల్లు నడిపిన్రో మనం మాట్లాడుకోం. కూరగాయల బండి, వాచ్‌మెన్ పని, ఇళ్లల్లో అంట్లు, పెళ్లిళ్లలో వడ్డన. పిల్లలకు సిగ్గవుతుందని వాళ్లు చెప్పలేదు, వాళ్లకు బాధవుతుందని పిల్లలు అడగలేదు. ఇంకా ఉన్నవాళ్లను అడగండి. ఏం చేసిన్రో రాసి మన పత్రికకు పంపండి.